ఫైటర్ చేప తన్‌హాయీ: ఒక చిన్న తారీఖ్

ఈద్ మరుసటి రోజు అక్వేరియం దుకాణాల ముందు మన పిల్లల గుంపు చూడాలి. జేబుల్లో ఈదీ పైసలు, కళ్లల్లో ఖుషీ. కొందరు గోల్డ్‌ఫిష్ జోడీ అడుగుతారు, కొందరు గప్పీలు. ఇంకొందరి నజర్ మాత్రం వరసగా పేర్చిన చిన్న గాజు సీసాల మీదే ఉంటుంది. ఒక్కో సీసాలో ఒక్కటే చేప. ఎర్రది, నీలిది, తెల్లది. దుపట్టా కొంగులా జారే తోక. దుకాణదారు దాన్ని "ఫైటర్" అంటాడు, కితాబుల్లో దాని పేరు బెట్టా. ఇంటికి తెచ్చిన రెండో రోజే సవాల్ మొదలవుతుంది: పాపం ఒక్కతే ఉంది, దీనికి తోడు ఎవరిని వేయాలి?

ఈ సవాల్‌కు ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లు బోలెడుమంది. "ఎవరినీ వేయొద్దు, అది ఖూనీ చేప" అంటారు. నాకు ఆ జవాబు నచ్చదు. ఈ చేప గుస్సాలో సగం ఖుద్రత్ ఇచ్చింది, సగం మనుషులు ఇచ్చింది. ఏది ఎంతో తెలియాలంటే కాస్త సియాం దాకా పోవాలి, అంటే ఇప్పటి థాయిలాండ్‌కు.

అక్కడ దీని పేరు ప్లాకట్. ప్లా అంటే చేప, కట్ అంటే కొరకడం. వరి మళ్లలో, బురద కాల్వల్లో, గడ్డి పెరిగిన మడుగుల్లో బతికే చిన్న చేప. అడవి ప్లాకట్‌ను చూస్తే మన పిల్లలు గుర్తు కూడా పట్టరు. మట్టి రంగు ఒళ్లు, పొట్టి రెక్కలు, వెలుగు పడితే కాస్త ఆకుపచ్చ మెరుపు, అంతే. మగచేప తనకంటూ ఒక ఇలాఖా పెట్టుకుంటుంది. ఇంకో మగది వస్తే మొప్పలు విప్పి బెదిరిస్తుంది, కొరుకుతుంది. ఓడినది పారిపోతుంది. వరి మడిలో పారిపోవడానికి జాగాకేం కొదవ? కిస్సా అక్కడితో ఖతం.

ఆ కొద్ది నిమిషాల లడాయిని చూసి మనిషికి షౌక్ పుట్టింది. బాగా కొట్లాడిన చేపను దాచి, దాని పిల్లల్లోంచి మళ్లీ బాగా కొట్లాడేదాన్ని ఏరి, తరాల తరబడి పెంచారు. 2022లో అచ్చయిన ఒక జన్యు పరిశోధన ప్రకారం ఈ పెంపకానికి కనీసం వెయ్యేళ్ల వయసుంది. సియాంలో చేపల పందేలకు సర్కారు లైసెన్సులిచ్చి పన్ను వసూలు చేసిన జమానా కూడా ఉంది. అడవి చేప నిమిషాల్లో వదిలేసే జగడాన్ని ఈ పెంపుడు చేప గంటల తరబడి సాగదీస్తుంది.

మనకిది కొత్త సంగతి కాదు. లక్నోలో, హైదరాబాదులో నవాబుల ముర్గ్‌బాజీ, బటేర్‌బాజీ కథలు మన బుజుర్గుల నోట విన్నవే. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి బరిలో దిగే అసీల్ కోడి పేరులోనే అస్లీ ఖాందాన్ అనే మాటుంది. రెండు అసీల్ పుంజులను ఒకే గంప కింద ఎవరైనా మూస్తారా? ఫైటర్ కూడా అలాంటి ఖాందానే, కాకపోతే నీళ్లలోది.

ఇప్పుడు ఆ సీసా సంగతి. పందెం చేపలను విడివిడిగా కూజాల్లో, సీసాల్లో దాచేవాళ్లు. ఒకదాన్నొకటి చూసి వట్టినే అలిసిపోకుండా మధ్యలో అడ్డం పెట్టేవాళ్లు. అంటే సీసా ఈ చేప ఇల్లు కాదు, అఖాడాకు పోయేముందు పహిల్వాన్‌ను కూర్చోబెట్టే గది. పందేలు మన ఊళ్లకు రాలేదు గానీ ఆ సీసా మాత్రం వచ్చింది. "దీనికి గ్లాసెడు నీళ్లు చాలు" అనే మాట కూడా దానితోనే వచ్చింది.

ఆ మాటకు ఊతం ఒకటుంది. ఈ చేప తలలో లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. దానితో నీటిపైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. మన కొర్రమీను కూడా అంతే, నీళ్లు తగ్గిన కుంటలో గాలి పీలుస్తూ జాన్ నిలుపుకుంటుంది. వర్గీకరణలో రెండూ దూరపు రిష్తేదారులే. కానీ గాలి పీల్చగలదు కదా అని కొర్రమీనును ఎవరూ గ్లాసులో పెంచరు. ఆపదలో బతకడం వేరు, జిందగీ గడపడం వేరు.

ఐరోపావాళ్ల కాగితాల్లోకి ఇది చేరిన దారి కూడా దిల్‌చస్ప్‌గా ఉంటుంది. 1840 ప్రాంతంలో సియాం బాద్షా కానుకగా ఇచ్చిన కొన్ని చేపలు చేతులు మారి థియోడోర్ కాంటర్ అనే డాక్టరు దగ్గరకు వచ్చాయి. డెన్మార్క్ మనిషి, ఈస్టిండియా కంపెనీ నౌకరీ. ఆయన 1849లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో మలయా చేపల గురించి రాస్తూ దీన్నీ చేర్చాడు. ఇచ్చిన పేరులో "పగ్నాక్స్" అనే మాటుంది, జగడాలమారి అని అర్థం. అరవై ఏళ్ల తర్వాత లండన్‌లో చార్లెస్ టేట్ రీగన్ చూస్తే ఆ పేరు అప్పటికే వేరే బెట్టాకు ఉంది. అందుకని దీనికి స్ప్లెండెన్స్ అని పెట్టాడు. అంటే షాన్‌దార్. జగడాలమారి కాస్తా షాన్‌దార్ అయింది. నాకైతే రీగన్ ఇన్సాఫ్ చేశాడనిపిస్తుంది. 2019లో థాయిలాండ్ దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది కూడా.

ఇక తోడు సంగతికి వద్దాం. దీని తారీఖ్ కూడా లండన్‌లోనే ఉంది, అదీ నత్తతో. 1849లో రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్టు పన్నెండు గ్యాలన్ల పాత్రలో, అంటే ఇంచుమించు 54 లీటర్ల నీళ్లలో, రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా అనే నాచుమొక్క పెట్టాడు. మొక్క ఆకులు కుళ్లి నీళ్లు చెడిపోసాగాయి. చెరువుల్లో ఈ కుళ్లును ఎవరు తింటున్నారా అని ఆలోచించి ఐదారు నత్తలను వదిలాడు. నీళ్లు తేటపడ్డాయి. చేపకు తోడుగా ఎవరిని పెట్టాలి అని ఇల్మ్‌తో ఆలోచించి చేసిన తొలి ఎంపికల్లో ఇదొకటి. అందం కోసం కాదు, పని కోసం.

నూట డెబ్భై ఏళ్లు దాటినా ఫైటర్‌కు మొదటి పడోసీగా నేను చెప్పేది నత్తనే. అందులోనూ నెరైట్ నత్త. గాజు మీది నాచు తింటుంది, మంచినీళ్లలో దాని పిల్లలు పుట్టి నిండిపోవు, చేపకు పోటీ కాదు. పొడుగు మీసాల మిస్టరీ నత్తలైతే కొన్ని ఫైటర్లు ఆ మీసాలు కొరుకుతాయి, చూసుకోవాలి.

ఆ తర్వాత అడుగున తిరిగేవాళ్లు. ఫైటర్ ఎక్కువగా పైనుంటుంది, కింద ఉండేవాళ్లతో దానికి తకరారు తక్కువ. కూలీ లోచ్ అనే పాములాంటి పట్టీల చేప అగ్నేయాసియాదే. దానికి ఆ పేరు హైన్రిష్ కూల్ అనే జర్మన్ నౌజవాన్ వల్ల వచ్చింది. 1821లో జావాలో చనిపోయేనాటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. దక్షిణ అమెరికా కోరిడోరాస్ కూడా శరీఫ్ చేప, కాకపోతే ఆరుకు తగ్గకుండా ఉంచాలి. మధ్యలో ఈదేవాళ్లు కావాలంటే హార్లెక్విన్ రాస్బోరా గుంపు నాకు పసంద్. దాని సొంతూరు మలేషియా, దక్షిణ థాయిలాండ్ వైపు. అది కూడా అరడజను ఉంటేనే నిమ్మళంగా ఉంటుంది. చిన్న రొయ్యలు వేస్తే మాత్రం ఫైటర్‌కు దావత్ ఇచ్చినట్టే అనుకోండి.

వద్దన్నవాళ్లలో మొదటివాడు ఇంకో మగ ఫైటర్, అది అందరికీ తెలుసు. ఎక్కువమంది మోసపోయేది గప్పీ దగ్గర. దోమల పిల్లల్ని తింటుందని మన మునిసిపాలిటీలు కుంటల్లో వదిలేది ఈ చేపనే, చాలా మాసూమ్. కానీ మగ గప్పీ రంగుల తోక చూసి ఫైటర్ దాన్ని రఖీబ్ అనుకుంటుంది. గౌరామీ, ప్యారడైజ్ చేప దీని చుట్టాలే, వాటికీ లాబిరింత్ ఉంది, మిజాజ్ కూడా అదే. టైగర్ బార్బ్ అయితే ఉల్టా, ఫైటర్ తోకనే ముక్కలు చేస్తుంది. గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్ల జీవి, ఫైటర్‌కు 24 నుంచి 28 డిగ్రీలు కావాలి. ఇద్దరికీ ఒకే నీళ్లు సరిపడవు.

ఆడచేపను తెచ్చి నికా చేసేద్దామనే పిల్లలకు ఒక మాట. మగది నోటితో బుడగలు కట్టి గూడు చేస్తుంది, గుడ్లను నోటితో పట్టి అందులో పెడుతుంది. అంతవరకే ఆడదానికి అక్కడ పని. ఆ వెంటనే తీయకపోతే తరిమి తరిమి కొడుతుంది. పిల్లల్ని కాసేది బాపే. కోన్‌రాడ్ లోరెంజ్ ఈ చేపల ఇష్క్‌నూ జగడాన్నీ తన కితాబులో బహుత్ ఖూబ్‌గా రాశాడు. ఆ కితాబు పేరు "కింగ్ సాలమన్స్ రింగ్", అంటే హజ్రత్ సులైమాన్ ఉంగరం. జానవర్ల జబాన్ అర్థం చేసుకున్న ఆ కథ మన ఇళ్లల్లో చిన్నప్పటినుంచీ చెప్పుకునేదే.

జాగా లెక్క చివరికి పెట్టాను గానీ ముందు చూడాల్సింది అదే. ఒంటరి ఫైటర్‌కు కనీసం 20 లీటర్లు. తోడు కావాలంటే 40 లీటర్లకు తగ్గొద్దు, పైన మూత ఉండాలి, నీటికీ మూతకూ మధ్య గాలికి జాగా వదలాలి. దట్టంగా మొక్కలుండాలి, ఓడినవాడు వరి మడిలోలాగే కనుమరుగయ్యేలా. ముందు పడోసీలను వదిలి వారం ఆగి, ఆ తర్వాత ఫైటర్‌ను వదలండి. అప్పుడు ఆ ఇలాఖా తనదే అనుకోదు. ఒక్కో ఫైటర్ మిజాజ్ ఒక్కో తీరు, నత్తను కూడా ఓర్వనివి ఉంటాయి. అందుకని మొదటి రెండు రోజులు ఇంట్లో ఎవరో ఒకరు కన్నేసి ఉంచాలి, పక్కన ఇంకో తొట్టి సిద్ధంగా పెట్టుకోవాలి.