ఫార్‌స్టర్, ఎడ్వర్డ్ మోర్గన్ (1879–1970)

ఇంగ్లిషు నవలాకారుడు, వ్యాసకర్త. మన దేశంలో 'ఎ పాసేజ్ టు ఇండియా' రచయితగానే ఎక్కువమందికి తెలుసు. ఫార్‌స్టర్ స్వలింగ ప్రేమికుడు. ఆ సంగతి దగ్గరి స్నేహితులకు మొదటినుంచీ తెలుసు. పాఠకులకు తెలిసింది ఆయన పోయాక, 1971లో 'మారిస్' నవల అచ్చయినప్పుడే. ఆయన జీవితంలో ప్రేమ ఎక్కడ ఆగి స్నేహం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ముఖ్యమైన పుస్తకాల్లో చాలావాటి వెనక ఒక్కో మనిషి కనిపిస్తాడు. అందుకే ఇక్కడ పుస్తకాలతో సమానంగా ఆ మనుషుల గురించీ చెప్పాల్సి ఉంటుంది.

బాల్యం, చదువు

1879 జనవరి 1న లండన్‌లో పుట్టాడు. జనన నమోదులో హెన్రీ అని రాయించారు. బాప్తిస్మం రోజున పొరపాటున తండ్రి పేరైన ఎడ్వర్డ్ పడి, అదే స్థిరపడింది. స్నేహితులందరికీ మాత్రం ఆయన మోర్గనే. వాస్తుశిల్పి అయిన తండ్రి, పిల్లవాడికి రెండేళ్లు నిండకముందే క్షయతో చనిపోయాడు. తల్లి లిలీ పెంచింది. 1945లో తొంభయ్యేళ్ల వయసులో ఆమె కన్నుమూసేదాకా కొడుకు ఇల్లూ ఆమె ఇల్లూ ఒకటే. నాలుగో ఏటినుంచి పద్నాలుగో ఏటిదాకా స్టీవెనేజ్ దగ్గరి రూక్స్‌నెస్ట్ అనే ఇంట్లో పెరిగాడు. 'హోవర్డ్స్ ఎండ్' నవలలోని ఇల్లు అదే. 1887లో తండ్రివైపు నాయనమ్మ వరస అయిన మేరియన్ థార్న్‌టన్ చనిపోతూ 8,000 పౌండ్లు రాసి ఇచ్చింది. ఆ డబ్బే ఆయన్ని ఉద్యోగం వెతుక్కోనక్కర్లేని రచయితను చేసింది.

టన్‌బ్రిడ్జ్ బడిలో చాలా బాధలు పడ్డాడు. 1897లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో చేరాకే ఊపిరి పీల్చుకున్నాడు. మనసులో మాట దాచుకోనక్కర్లేని మనుషులు ఆయనకు మొదటిసారి దొరికింది అక్కడే.

నవలలు మొదట్లో వరసగా వచ్చాయి: 'వేర్ ఏంజెల్స్ ఫియర్ టు ట్రెడ్' (1905), 'ద లాంగెస్ట్ జర్నీ' (1907), 'ఎ రూమ్ విత్ ఎ వ్యూ' (1908), 'హోవర్డ్స్ ఎండ్' (1910). ముప్ఫయి రెండేళ్లకే పేరున్న రచయిత అయ్యాడు. అయితే ఆడా మగా ప్రేమించుకుని పెళ్లాడే కథ ఒక్కటే రాయాల్సి రావడం తనకు విసుగు పుట్టిస్తోందని 1911లో డైరీలో రాసుకున్నాడు. తన సొంత ప్రేమ గురించి రాస్తే అచ్చువేసేవాళ్లు లేరు. రాసినవాడికి జైలు భయం కూడా ఉంది. రచయిత ఆస్కార్ వైల్డ్‌కు ఇలాంటి ప్రేమ కారణంగానే శిక్ష పడిన 1895లో ఫార్‌స్టర్‌కు పదహారేళ్లు.

మసూద్, హైదరాబాద్

1906లో సయ్యద్ రాస్ మసూద్ అనే పదిహేడేళ్ల కుర్రాడికి లాటిన్ చెప్పే పని ఒప్పుకున్నాడు. అలీగఢ్ కళాశాల స్థాపకుడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు మసూద్. పొడగరి, అందగాడు, మాటకారి. పాఠం విసుగెత్తితే పంతులుగారిని అమాంతం పైకెత్తి చక్కిలిగింతలు పెట్టేవాడట. మనసులోది బయటపెట్టని ఇంగ్లిషువాళ్ల మధ్య పెరిగిన ఫార్‌స్టర్‌కు, స్నేహితుడి మీద ప్రేమను నోరారా చెప్పే ఈ మనిషి కొత్తలోకం చూపించాడు. ఫార్‌స్టర్ ప్రేమలో పడ్డాడు, ఆ మాట చెప్పాడు కూడా. మసూద్ అలాంటి ప్రేమను తిరిగి ఇవ్వలేకపోయాడు. అయినా ఇద్దరి మధ్యా ఏదీ తెగిపోలేదు. చివరిదాకా ఆప్తులుగానే ఉన్నారు. ఫార్‌స్టర్ జీవితంలో ఇంతకన్నా గొప్ప సంగతి మరొకటి లేదని నా అభిప్రాయం.

1912లో మసూద్‌ను చూడడానికే మొదటిసారి మన దేశానికి వచ్చాడు. పాట్నా దగ్గరి బాంకీపూర్‌లో మసూద్ వకీలుగా ఉండేవాడు. 1913 జనవరిలో అక్కడినుంచి వెళ్లి చూసిన బరాబర్ గుహలే 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలలో మరబార్ గుహలయ్యాయి.

1921లో రెండోసారి వచ్చి, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని దేవాస్ సంస్థానంలో మహారాజు మూడో తుకోజీరావుకు ఆంతరంగిక కార్యదర్శిగా కొన్ని నెలలు పనిచేశాడు. అక్కడ చూసిన గోకులాష్టమి ఉత్సవమే నవల చివరి భాగానికి ఆధారం. ఆ కొలువు వదిలాక నేరుగా హైదరాబాద్ వచ్చి మసూద్ దగ్గర ఉన్నాడు. మసూద్ 1916 నుంచి 1928 దాకా నిజాం రాజ్యంలో విద్యాశాఖ అధిపతి. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వెనక ఉన్నవాళ్లలో ఆయనా ఒకడు. ఈ మసూద్ కోసం ఫార్‌స్టర్ మన నగరానికి వచ్చి ఉన్నాడన్న సంగతి ఇక్కడివాళ్లు ఇంకా ఎక్కువగా తెలుసుకోవాలి. 1924లో వెలువడ్డ 'ఎ పాసేజ్ టు ఇండియా' మసూద్‌కే అంకితం. మసూద్ లేకపోతే తాను ఇండియాకు వెళ్లేవాణ్ణీ కాదేమో, రాసేవాణ్ణీ కాదేమోనని 1937లో స్నేహితుడు పోయాక రాసిన స్మృతివ్యాసంలో చెప్పుకున్నాడు.

అలెగ్జాండ్రియా

మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్‌క్రాస్ తరఫున ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వెళ్లాడు. ఆస్పత్రుల్లో గాయపడ్డ సైనికుల దగ్గర కూర్చుని, కనిపించకుండాపోయిన వాళ్ల జాడ అడిగి రాసుకోవడం ఆయన పని. ఆ నగరంలోనే గ్రీకు కవి కవాఫీతో స్నేహం కుదిరింది. ఇంగ్లిషు పాఠకులకు కవాఫీని పరిచయం చేసింది ఫార్‌స్టరే.

అక్కడే ట్రామ్ కండక్టర్ మహమ్మద్ ఎల్ అద్ల్ పరిచయమయ్యాడు. టికెట్ డబ్బులు తీసుకోనని పట్టుబట్టడంతో మాటలు కలిశాయి. ఫార్‌స్టర్ ప్రేమకు ప్రేమ దొరికింది ఈ మనిషి దగ్గరే. 1919లో బ్రిటిష్ సైన్యం ఏదో నేరం మోపి మహమ్మద్‌ను జైల్లో పెట్టింది. 'ఎ పాసేజ్ టు ఇండియా'లో డాక్టర్ అజీజ్ అరెస్టు ఘట్టం చదివేటప్పుడు ఈ సంఘటన గుర్తుంచుకోవాలి. అక్కడి కోపం పుస్తకాల్లో చదివి తెచ్చుకున్నది కాదు. 1922లో ఇండియానుంచి తిరిగి వెళుతూ, క్షయతో మంచానపడ్డ మహమ్మద్‌ను చూశాడు. ఆ ఏడాదే అతను చనిపోయాడు. తర్వాత ఫార్‌స్టర్ ఒక నోటుపుస్తకంలో అతనికి ఉత్తరం మొదలుపెట్టి, ఏళ్లతరబడి ఆగుతూ ఆగుతూ 1929 దాకా రాశాడు.

'మారిస్'

1913లో రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్‌ను, ఆయన సహచరుడు జార్జ్ మెరిల్‌నూ చూడడానికి మిల్‌థార్ప్ వెళ్లాడు. ఇద్దరు మగవాళ్లు దాపరికం లేకుండా కాపురం చేస్తున్న ఇల్లు అది. తిరిగి రాగానే 'మారిస్' మొదలుపెట్టాడు. మధ్యతరగతి యువకుడు మారిస్ హాల్, ఎస్టేట్‌లో వేటకాపరిగా పనిచేసే అలెక్ స్కడర్‌తో కలిసి బతకడానికి అన్నీ వదులుకుంటాడు. ఆ రోజుల్లో ఇలాంటి కథ రాసినా చివర ఉరో ఆత్మహత్యో తప్పనిసరి. ఫార్‌స్టర్ మాత్రం సుఖాంతం ఉండి తీరాలని పట్టుపట్టాడు. అచ్చుకు అదే పెద్ద అడ్డంకి అయింది: నేరం చేసినవాళ్లు శిక్ష పడకుండా సుఖంగా ఉన్నారని చూపడం చట్టం ఒప్పుకోని పని. లిట్టన్ స్ట్రేచీ, క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ వంటి కొద్దిమందే రాతప్రతి చదివారు. దాన్ని ఆయన దశాబ్దాలపాటు దిద్దుతూనే ఉన్నాడు. శిల్పంలో 'హోవర్డ్స్ ఎండ్' కన్నా తక్కువదే, ధైర్యంలో మాత్రం ఆయన పుస్తకాలన్నిటికన్నా ముందుంటుంది.

ఇంగ్లండ్‌లో చట్టం 1967లో మారింది. అప్పటికి ఫార్‌స్టర్‌కు ఎనభై ఎనిమిదేళ్లు. బ్రిటిష్‌వాళ్లే మనకు రాసిపెట్టిన శిక్షాస్మృతి 377వ సెక్షన్‌నుంచి, ఇష్టపడి కలిసే వయోజనులకు మన సుప్రీంకోర్టు విముక్తినిచ్చింది 2018లో.

నవలలు ఆగాక

1924 తర్వాత ఆయన బతికిన నలభై ఆరేళ్లలో కొత్త నవల రాలేదు. అలాగని కలం ఆగలేదు. 'ఆస్పెక్ట్స్ ఆఫ్ ద నావెల్' (1927), దేవాస్ జ్ఞాపకాల 'ద హిల్ ఆఫ్ దేవీ' (1953), ఎన్నో వ్యాసాలు, బీబీసీ ప్రసంగాలు వచ్చాయి. ముల్క్‌రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్' (1935)కు ముందుమాట రాశాడు. 1938 నాటి 'వాట్ ఐ బిలీవ్' వ్యాసంలో, దేశానికో స్నేహితుడికో ద్రోహం చెయ్యక తప్పకపోతే దేశానికి చేసే ధైర్యం తనకుండాలని కోరుకున్నాడు. యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో అన్న మాట అది.

తీరిక వేళల్లో పియానో ముందు కూర్చునేవాడు. బీథోవెన్ సొనాటాలు తనకు వచ్చినంతలో వాయించుకునేవాడు. 'హోవర్డ్స్ ఎండ్'లో ఐదో సింఫనీ వింటూ ఒక్కొక్కరూ ఒక్కోలా ఊహించుకునే ఘట్టం ఈ ఇష్టంలోంచే వచ్చింది. బెంజమిన్ బ్రిటన్ ఒపేరా 'బిల్లీ బడ్' (1951)కు ఎరిక్ క్రోజియర్‌తో కలిసి సాహిత్యం రాశాడు. 'పాసేజ్' రాబడితో ఆబింజర్ ఊళ్లో ఒక చిన్న అడవి కొన్నాడు. ఆస్తి మనిషిని ఎలా బరువెక్కిస్తుందో 'మై వుడ్' వ్యాసంలో రాశాడు.

1930లో రచయిత జె. ఆర్. ఆకర్లీ ఇంట్లో బాబ్ బకింగ్‌హామ్ అనే పోలీసు కానిస్టేబుల్ కలిశాడు. రెండేళ్లకు అతను మే అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. బాబ్‌ను ఇద్దరూ ప్రేమించడంతో మొదట్లో ఫార్‌స్టర్, మే ఒకరినొకరు ఓర్వలేకపోయారు. క్షయతో ఆమె శానటోరియంలో ఉన్నప్పుడు ఆయన రాసిన ఉత్తరాలు, చేసిన సాయం ఇద్దరినీ దగ్గర చేశాయి. వాళ్ల అబ్బాయి పేరులో మోర్గన్ చేరింది. 1946 నుంచి ఫార్‌స్టర్ కింగ్స్ కాలేజీ గదుల్లోనే ఉన్నాడు. ఆఖరి రోజుల్లో బకింగ్‌హామ్ దంపతులు ఆయన్ని కోవెంట్రీలోని తమ ఇంటికి తీసుకెళ్లారు. 1970 జూన్ 7న అక్కడే చనిపోయాడు.

'మారిస్' అమెరికా హక్కులు ఇషర్‌వుడ్‌కు దక్కాయి. ఆయన వాటిని అమెరికన్ సాహిత్య అకాడమీకి అప్పగించాడు. ఆ రాయల్టీతోనే బ్రిటిష్, ఐరిష్ యువ రచయితలు అమెరికాలో కొంతకాలం గడపడానికి ఇ. ఎం. ఫార్‌స్టర్ అవార్డు ఇస్తున్నారు.