పూత నాణెమా, టంకశాల పొరపాటా? – 1943 నాటి అమెరికా సెంటు

పరిచయం

చరిత్ర రచనకు నాణేలు ఎంత విలువైన ఆధారాలో మీకు తెలుసు. అయితే చేతికి వచ్చిన ప్రతి నాణెమూ, దాని గురించి చెప్పిన ప్రతి మాటా ఆధారం కావు. ముందు పరీక్షించాలి. ఆ పరీక్ష ఎలా ఉంటుందో ఈ భాగంలో ఒకే ఒక్క నాణెం సాయంతో తెలుసుకుందాం.

కొన్నేళ్ల కిందట ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతి ముగిశాక, ఒక విద్యార్థి కాగితంలో చుట్టిన చిన్న నాణెం నా చేతిలో పెట్టాడు. అమెరికాలో ఉన్న వాళ్ల బాబాయి పంపించాడట. రాగి రంగు, ఒకవైపు లింకన్ బొమ్మ, పక్కన 1943 అనే సంవత్సరం. "ఇది లక్షలు చేస్తుందటండీ. ఇలాంటివే ఇంకో నాలుగు ఒకాయన దగ్గరున్నాయి. అప్పు చేసైనా కొందామనుకుంటున్నాను" అన్నాడు. అతని ఆశ పూర్తిగా నిరాధారం కాదు. దాని వెనుక నిజంగానే ఒక చరిత్ర ఉంది.

చారిత్రక నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధంలో తూటాల గొట్టాలకు, విద్యుత్ తీగలకు రాగి అవసరం పెరిగింది. అప్పటివరకు అమెరికా సెంటును 95 శాతం రాగి ఉన్న కంచుతో ముద్రించేవారు. రాగిని ఆదా చేయడానికి 1943లో ఉక్కు బిళ్లలపై పలుచని జింక్ పూత వేసి సెంట్లు ముద్రించారు. ఫిలడెల్ఫియా, డెన్వర్, శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలల్లో కలిపి ఆ ఏడాది దాదాపు 109 కోట్ల ఉక్కు సెంట్లు తయారయ్యాయి. తెల్లగా ఉన్నందువల్ల జనం వాటిని పది సెంట్ల నాణెంగా పొరబడ్డారు. పూత పూసిన రేకు నుంచి బిళ్లలను కత్తిరించడంతో అంచుల దగ్గర జింక్ ఉండేది కాదు, అక్కడ తుప్పు పట్టేది. అందుకే 1944లో మళ్లీ రాగి మిశ్రమానికి మారారు.

ఈ మార్పుల మధ్య ఒక పొరపాటు జరిగింది. 1942 నాటి కంచు బిళ్లలు కొన్ని టంకశాల పెట్టెల్లో మిగిలిపోయి, ఉక్కు బిళ్లలతో కలిసి 1943 అచ్చుల కిందికి వెళ్లాయి. అలా పుట్టినవే అసలైన 1943 కంచు సెంట్లు. ఇంతవరకు గుర్తించినవి కొన్ని పదులకు మించవు. వీటిని తెచ్చినవారికి హెన్రీ ఫోర్డ్ కారు ఇస్తాడని ఒక వదంతి కూడా పుట్టింది. అది నిజం కాదు గానీ, ఆశ మాత్రం దేశమంతా పాకింది. ఆశ ఉన్నచోట పూత పూసేవారూ ఉంటారు. కోట్లలో దొరికే ఉక్కు సెంటుకు రాగి పూత పూయడం పెద్ద పనేమీ కాదు. కొందరు సరదా వస్తువుగా పూశారు, మరికొందరు మోసానికే పూశారు.

అడగవలసిన ప్రశ్న

"ఈ నాణెం మామూలు నాణెంలా ఉందా?" అన్నది సరైన ప్రశ్న కాదు. "ఈ తేడా ఎప్పుడు వచ్చింది?" అని అడగాలి. నాణెం జీవితంలో మూడు దశలున్నాయి: బిళ్ల తయారీ, అచ్చు వేయడం, టంకశాల దాటిన తరువాతి కాలం. మొదటి రెండు దశల్లో వచ్చిన తేడాయే టంకశాల పొరపాటు. మూడో దశలో వచ్చినది ఎంత వింతగా ఉన్నా పొరపాటు కాదు, మనుషులు చేసిన మార్పు.

పరీక్షలు

1. అయస్కాంతం: ఉక్కు అతుక్కుంటుంది, కంచు అతుక్కోదు. పైన రాగి పూత ఉన్నా లోపలి ఉక్కు గుణం దాగదు.

2. బరువు: ఉక్కు సెంటు సుమారు 2.7 గ్రాములు, కంచు సెంటు 3.11 గ్రాములు. పలుచని పూత ఈ తేడాను పూడ్చలేదు. నగల దుకాణంలోని త్రాసు చాలు.

3. అచ్చు పదును: కంచు ఉక్కుకంటే మెత్తన. గట్టి ఉక్కుకు తగినట్లు అమర్చిన ఒత్తిడి కింద కంచు బాగా ఒదిగి, అంచు దగ్గరి అక్షరాలు స్పష్టంగా పడ్డాయి. పూత అక్షరాల మూలలను కొంత మొద్దుబారుస్తుంది. అరిగినచోట గిల్టు నగలో లాగా లోపలి లోహం బయటపడుతుంది.

4. అంకెలు: ఇది మరచిపోకూడని మెట్టు. 1948 కంచు సెంటులో 8 అంకె ఎడమ భాగాన్ని చెక్కి 3గా మార్చిన నాణేలున్నాయి. అవి అయస్కాంతానికి అతుక్కోవు, బరువూ సరిపోతుంది. కానీ అసలు 1943లోని 3 అంకె తోక కిందికి పొడవుగా సాగి ఉంటుంది. అందుకే ఏ ఒక్క పరీక్షతోనూ తీర్పు చెప్పరాదు.

పరీక్ష పేరుతో నాణేన్ని గీకడం, ఆమ్లంలో వేయడం, చింతపండుతో తోమడం చేయకండి. ఆధారాన్ని మనమే చెరిపినవాళ్లమవుతాం.

తిరగబడిన ఉదాహరణ

1982 నుంచి ముద్రించిన అమెరికా సెంట్లలో లోపల జింక్, పైన పలుచని రాగి పూత. అంటే వీటిలో పూత తయారీలోనే ఒక భాగం. పూత పడకుండానే అచ్చు కిందికి వెళ్లిన బిళ్ల నిజమైన పొరపాటు, అది తెల్లగా ఉంటుంది. ఆమ్లంతో రాగిని కరిగించిన సెంటు కూడా తెల్లగానే ఉంటుంది, కానీ దాని ఉపరితలం గరుకుబారి, సహజమైన మెరుపు పోయి ఉంటుంది. రంగు ఒకటే, చరిత్రలు రెండు.

ఇది కొత్త సమస్య కాదు. మన ప్రాచీన విద్ధాంక నాణేల్లోనూ రాగిపై వెండి పూత వేసినవి దొరికాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం నాణేలను పరీక్షించే రూపదర్శకుడనే అధికారిని పేర్కొన్నది.

ముగింపు

ఆ రోజు నోటీసు బోర్డుపై కాగితాలు నిలిపే అయస్కాంతాన్ని తెచ్చి నాణెం దగ్గర పెట్టాం. టక్కున అతుక్కుంది. విద్యార్థి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఇది దొంగ నాణెమాండీ?" అని అడిగాడు. కాదన్నాను. లోపల ఉన్నది యుద్ధకాలపు అసలైన ఉక్కు సెంటే. దాని గురించి చెప్పిన కథ మాత్రమే అబద్ధం. ఆ నాలుగు నాణేల కోసం అతను అప్పు చేయలేదు. బాబాయి పంపిన నాణేన్ని మాత్రం దాచుకున్నాడు. ఆధారాన్నీ, దానిపై అల్లిన కథనూ వేరు చేసి చూడటమే చరిత్ర విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పని.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1943లో అమెరికా సెంటు లోహాన్ని ఎందుకు మార్చారు?
2. అయస్కాంత పరీక్ష ఒక్కటే ఎందుకు చాలదు?
3. టంకశాల పొరపాటుకు, తరువాతి మార్పుకు గల భేదాన్ని మీ మాటల్లో వివరించండి.