వెదురు కర్రల నుంచి హిప్ హాప్ దాకా: కబా మోడర్న్ చరిత్ర

వార్షికోత్సవం దగ్గరపడిందంటే మా తరగతిలో గొడవ మొదలవుతుంది. టీచర్లు కోలాటం వేయమంటారు. మేమేమో టీవీలో చూసిన స్టెప్పులు వేస్తామంటాం. "మన భాష, మన సంస్కృతి నిలవాలని నడుపుకుంటున్న బడి ఇది. ఇక్కడ కూడా అవేనా?" అని పెద్దవాళ్లు అడుగుతారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. మా ఇష్టంలోనూ తప్పు లేదనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య దారి వెతుక్కున్న ఒక విద్యార్థి బృందం చరిత్ర ఇక్కడ రాస్తున్నాను. దాని పేరు కబా మోడర్న్. అమెరికాలోని ఫిలిపినో విద్యార్థుల సంఘంలో అది పుట్టింది.

ముందు ఫిలిపినోలు అమెరికాకు ఎలా చేరారో తెలుసుకోవాలి. ఫిలిప్పీన్స్ దీవులను 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ పాలించింది. 1898లో అమెరికాతో యుద్ధంలో ఓడిపోయి, పారిస్ ఒప్పందం ప్రకారం 2 కోట్ల డాలర్లకు ఆ దీవులను అమెరికాకు అప్పగించింది. ఆ దేశ ప్రజలను మాత్రం ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి ఫిలిపినో యువకులు కూలి పనుల కోసం హవాయి చెరకు తోటలకు, కాలిఫోర్నియా పొలాలకు వెళ్లారు. వాళ్లు అమెరికా పాలన కిందివాళ్లే గానీ అమెరికా పౌరులు కారు.

ఈ చరిత్రలో డాన్స్ మొదటిసారి కనిపించేది ఒక విషాద ఘటనలో. పగలంతా పొలంలో నడుము వంచి పనిచేసిన కూలీలు సాయంత్రం మంచి సూటు వేసుకుని డాన్స్ హాళ్లకు వెళ్లేవారు. అక్కడ తెల్లజాతి అమ్మాయిలతో కలిసి నాట్యం చేయడం కొందరికి కంటగింపుగా మారింది. 1930 జనవరిలో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో గుంపులు ఫిలిపినోలపై రోజుల తరబడి దాడులు చేశాయి. ఫెర్మిన్ తొబేరా అనే 22 ఏళ్ల కూలీ తుపాకీ గుండుకు బలయ్యాడు. 1934లో వచ్చిన చట్టం ఏడాదికి 50 మంది ఫిలిపినోలకు మించి రాకుండా తలుపులు మూసేసింది.

ఆ తలుపు మళ్లీ కొద్దిగా తెరుచుకున్నప్పుడు మన భారతీయులకూ అందులో భాగం దక్కింది. 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం ఫిలిపినోలకు, భారతీయులకు ఒకేసారి అమెరికా పౌరసత్వం పొందే హక్కు ఇచ్చింది. 1965లో వలస చట్టం మారాక నర్సులు, డాక్టర్లు, ఇంజనీర్లు కుటుంబాలతో సహా వెళ్లారు. ఆ తర్వాత మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో అమెరికా చేరిందీ ఆ దారినే.

అక్కడ పుట్టిన పిల్లలకు ఇంగ్లీషు వచ్చు, తల్లిదండ్రుల భాష సరిగా రాదు. కాలేజీకి వెళ్లాక వాళ్లు సంఘాలు పెట్టుకుని, ఏడాదికోసారి 'పిలిపినో కల్చర్ నైట్' జరపడం మొదలుపెట్టారు. ఆ రాత్రి తప్పకుండా ఉండే నాట్యం టినిక్లింగ్. ఇద్దరు కింద కూర్చుని వెదురు కర్రలు కొడుతుంటే, మిగతావాళ్లు కాళ్లు ఇరుక్కోకుండా వాటి మధ్య గెంతుతారు. మన మిజోరంలోని చెరావ్ నాట్యం చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. తాళం ఒక్కటి తప్పితే చీలమండకు దెబ్బే!

దక్షిణ కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉన్న విశ్వవిద్యాలయంలో ఇలాంటి సంఘం పేరు కబబాయన్. తగలోగ్ భాషలో 'మన ఊరివాళ్లు, మన దేశంవాళ్లు' అని అర్థం. 1992లో ఆ సంఘం విద్యార్థి ఆర్నెల్ కల్వారియో కల్చర్ నైట్ కోసం ఒక హిప్ హాప్ బృందాన్ని తయారుచేశాడు. సంఘం పేరులోని మొదటి భాగం తీసుకుని దానికి కబా మోడర్న్ అని పేరు పెట్టారు. తాతల నాటి నాట్యాలున్న వేదిక మీదే ఆ పిల్లలు తాము రోజూ వినే సంగీతానికి కూడా చోటిచ్చారన్నమాట.

క్రమంగా ఇతర కాలేజీల్లోనూ ఇలాంటి జట్లు పుట్టాయి. లాంగ్ బీచ్‌లోని ఫిలిపినో విద్యార్థి సంఘం నుంచి వచ్చిన ప్యాక్ మోడర్న్ అందులో ఒకటి. 1996లో అర్వైన్‌లోనే వైబ్ అనే నాట్య పోటీ మొదలైంది. 2008లో ఎమ్‌టీవీ 'అమెరికాస్ బెస్ట్ డాన్స్ క్రూ' అనే కార్యక్రమం ప్రారంభించినప్పుడు కబా మోడర్న్ తరఫున ఆరుగురు పాల్గొని మూడో స్థానంలో నిలిచారు. తెల్ల ముసుగులు వేసుకుని నాట్యం చేసిన జబ్బావాకీజ్ గెలిచారు. వాళ్లలోనూ ఫిలిపినో అమెరికన్లు ఉన్నారు. అమెరికా టీవీలో ఆసియా ముఖాలు అరుదుగా కనిపించే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. కబా మోడర్న్ ఆరుగురిలో చైనా, వియత్నాం మూలాలవాళ్లు కూడా ఉన్నారు. 'మన ఊరివాళ్లు' అనే మాటకు అర్థం పెద్దదైంది.

అయితే ఒక సంగతి మరిచిపోకూడదు. హిప్ హాప్ ఫిలిపినోల సొంతం కాదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ జరిపిన పార్టీని దాని పుట్టుకగా చెబుతారు. పేదరికంలో ఉన్న నల్లజాతి, లాటినో యువకులు దాన్ని పెంచారు. ఒకరి చెమట నుంచి పుట్టిన కళను మరొకరు తీసుకున్నప్పుడు, ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పడం కనీస ధర్మం. స్టెప్పు నేర్చుకున్నవాళ్లు దాని చరిత్ర కూడా నేర్చుకోవాలి.

ఈ చరిత్ర చదివాక మా గొడవ నాకు వేరేగా కనిపిస్తోంది. కబా మోడర్న్ వచ్చినందుకు టినిక్లింగ్ పోలేదు. కల్చర్ నైట్‌లలో వెదురు కర్రలు ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి. కొత్త నాట్యం కోసం వచ్చినవాళ్లు పాతదీ చూస్తారు. కానీ ఒక షరతు ఉంది. పాతదాన్ని నేర్చుకునేవాళ్లు కూడా ఉండాలి. నిజం చెప్పాలంటే, మా తరగతిలో కోలాటం వద్దన్నవాళ్లలో నాతో సహా చాలామందికి కోలాటం రాదు. రానిదాన్ని వద్దనడం తేలిక. అందుకే ఈసారి ముందు కోలాటం కర్రలు పట్టుకుని నేర్చుకుంటాను. మన స్టెప్పుల సంగతి ఆ తర్వాత టీచర్లను అడుగుదాం.