సందూక్‌లో దొరికిన 1340



మా ఇంట్లో నాకు 'అజూబా మియా' అని పేరు. పత్రిక డ్యూటీ అయ్యాక రాత్రిపూట నెట్‌లో తిరిగి, ఎక్కడెక్కడి వింతలో ఏరుకొచ్చి పొద్దున చాయ్ దగ్గర అందరికీ వడ్డిస్తాను. సగం మంది నవ్వుతారు, సగం మంది లేచి పోతారు. మొన్న తెచ్చిన అజూబాకు మాత్రం ఎవరూ లేవలేదు.

తుర్కీ నాయకుడు ముస్తఫా కెమాల్ అతాతుర్క్ ఎప్పుడు పుట్టాడు? పుస్తకాల్లో 1881 అని ఉంటుంది. పాత రికార్డులో ఉన్నది 1296 అనే అంకె. అది హిజ్రీ అయితే 1879 దగ్గర పడుతుంది. ఉస్మానియా సర్కారు పన్నుల లెక్క కోసం వాడిన రూమీ సంవత్సరమైతే 1880-81 అవుతుంది. అంతటి మనిషి పుట్టిన రోజు మీద ఇంత బహస్! చదివి నవ్వుకున్నాను. మా సందూక్‌లోనూ అలాంటి అంకె ఒకటుందని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

శింగనమల దగ్గర మా పర్‌దాదా కాలం నాటి మెట్టభూమి కొంచెం ఉంది. వాన పడితే శనక్కాయ, లేకపోతే ముళ్లకంప. దాని శిస్తు రసీదు ఒకటి అమ్మీ సందూక్‌లో గుడ్డలో చుట్టి ఉంటుంది. పర్‌దాదా పేరు, పక్కన 1340. కబరస్తాన్‌లో ఆయన రాతి మీద హిజ్రీ 1346 అని చెక్కి ఉంది. అంటే ఆయన బతికుండగానే కట్టిన రసీదు అని మేమంతా అనుకున్నాం. "కరువులో భూమి నిలబెట్టింది ఆ మొగోడు" అని మా చాచా ప్రతి పండక్కీ చెప్పేవాడు. మా ఫుఫు తన హిస్సా అడిగినప్పుడల్లా కూడా అదే మాట. మొగోళ్లు నిలబెట్టిన భూమి మొగోళ్లకే అని దాని అర్థం.

మర్హూమ్ దాదీ చెప్పే కథ వేరు. "మీ పర్‌దాదీ వెండి కడియాలమ్మి కిస్తు కట్టింది" అనేది. కాగజ్ ఒకటి చెబుతుంటే ముసలమ్మ మాట ఎవరు వింటారు?

ఇప్పుడు 1986కు వెళదాం. ఆ ఏడు రంజాన్ మే నెలలో వచ్చింది. అనంతపురం ఎండలో నా మొదటి రోజా, మర్చిపోలేను. మళ్లీ అదే మే ఎండలో రంజాన్ 2019లో వచ్చింది. మధ్యలో 33 ఎండాకాలాలు గడిచాయి, హిజ్రీ లెక్కలో మాత్రం 34 ఏళ్లు. చాంద్ సంవత్సరం 354 రోజులే కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఇబాదత్‌కు ఇది రహ్మత్, ఎండలోనూ చలిలోనూ రోజా వస్తుంది. కానీ లగాన్ కూడా ఈ లెక్కన వసూలు చేస్తే? 33 పంటలకు 34 సార్లు కట్టాలి. పైగా చేను ఇంకా పచ్చగా ఉండగానే వసూలుకు వచ్చేస్తారు.

అందుకే అక్బర్ కాలంలో ఫసలీ సంవత్సరం పుట్టింది. ఫసల్ అంటే పంట. హిజ్రీ అంకెను తీసుకుని చాంద్ నుంచి విడదీసి సూర్యుడికి కట్టేశారు. దక్కన్‌లో ఇది షాజహాన్ కాలంలో, 1636లో మొదలైంది. అప్పుడు హిజ్రీ 1046. అక్కడి నుంచి రెండూ వేరు దారులు పట్టాయి. 2025 జూలైలో హిజ్రీ 1447 నడుస్తుంటే, అప్పుడు మొదలైన ఫసలీ 1435. పన్నెండేళ్ల తేడా.

1800లో నిజాం మన దత్త మండలాలను కంపెనీకి ఇచ్చేశాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి రైతువారీ శిస్తు వేశాడు. దొరలు మారారు గానీ ఫసలీ మారలేదు. అడంగల్ మీద ఇప్పటికీ అదే. జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. మన రైతు నోట్లో ఖరీఫ్, రబీ కూడా అరబీ మాటలే. రబీ అంటే బహార్. రబీఉల్ అవ్వల్ నెలలో ఉన్నది అదే రబీ. ఆ నెల ఒక్కోసారి మండుటెండల్లో వస్తుంది, పంట రబీ మాత్రం తన చలికాలాన్ని వదలదు.

ఇక రసీదు సంగతి. శిస్తు కాగజ్ మీద హిజ్రీ ఎందుకుంటుంది? అది ఫసలీ 1340. దానికి 590 కలిపితే 1930. అంటే 1930-31. రాతి మీది హిజ్రీ 1346 అంటే 1927-28. రసీదు నాటికి పర్‌దాదా కబర్‌లోకి చేరి కనీసం రెండేళ్లు దాటింది. పట్టా పేరు ఆయనదే, కట్టిన చెయ్యి ఆయనది కాదు. దాదా అప్పటికి పదేళ్ల పిల్లోడు. ప్రపంచమంతా పంట ధరలు కూలిపోయిన మాంద్యం రోజులవి. ధర పడినా కిస్తు నగదుగానే కట్టాలి, కట్టకపోతే జప్తు. దాదీ చెప్పిన కడియాలు ఏమయ్యాయో ఇప్పుడు తెలిసింది.

చాయ్ దగ్గర ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. చాచా రెండుసార్లు కూడి చూశాడు. "అయితే అమ్మీ చెప్పింది సచ్ఛే" అని ఊరుకున్నాడు. ఫుఫు ఏమీ అనలేదు, రసీదును మళ్లీ గుడ్డలో చుట్టింది.

ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. ఆడబిడ్డ హిస్సా ఈ రసీదుతో పుట్టిన హక్కు కాదు. పర్‌దాదీ ఒక్క పైసా కట్టకపోయినా ఫుఫుకు అది రావాల్సిందే. రసీదు చేసిందల్లా మా బహానాను తీసెయ్యడమే. పోయిన వారం చాచా సర్వేకు దరఖాస్తు పెట్టాడు.

మీ సందూక్‌లోనూ ఇలాంటి కాగజ్ ఉంటే తీసి చూడండి. శిస్తు రసీదైతే, జూలై నుంచి డిసెంబరు లోపలి తారీఖుకు 590, జనవరి నుంచి జూన్ లోపలిదానికి 591 కలపండి. ఆ ఏడు ఇంట్లో ఎవరు బతికున్నారో లెక్క వెయ్యండి. మీ దాదీలు చెప్పిన కథను అప్పుడు మళ్లీ ఒకసారి వినండి.

ఖుదా హాఫిజ్.