నడిచే మనిషికి కాపలా

డిమెన్షియా వచ్చిన తల్లినో తండ్రినో ఆశ్రమంలో చేర్చారని తెలిస్తే ఊళ్లో ముందుగా వినిపించే మాట, పిల్లలు వదిలించుకున్నారని. ఆధారాలు మాత్రం ఆ తీర్పును అంత తేలిగ్గా బలపరచవు.

2002లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, ఇంటి దగ్గరే ఉంటున్న 5,788 మంది డిమెన్షియా రోగులను గమనించింది. మూడేళ్లలో సగానికి పైగా సంరక్షణాలయాలకు చేరారు. స్నానానికి, తిండికి మరొకరి మీద ఆధారపడటం, ఒంటరిగా ఉండటం, అదుపు తప్పిన ప్రవర్తన రోగి వైపు కారణాలు. చూసుకునేవారి వయసు, అలసట రెండోవైపు. నల్లజాతివారు, హిస్పానిక్‌లు తక్కువగా చేరారన్నది గమనించదగ్గ సంగతి. ఒకే దేశం, ఒకే జబ్బు, ఫలితం వేరు. అంటే జబ్బు ముదరడం ఒక్కటే ఈ విషయాన్ని తేల్చడం లేదు.

న్యూయార్క్‌లో జబ్బుపడిన భాగస్వామిని ఇంట్లో చూసుకుంటున్న 406 మంది మీద జరిగిన పరిశోధన (2006) ఇంకాస్త ముందుకు వెళ్లింది. చూసుకుంటున్న వారికి కౌన్సెలింగ్, తోడ్పాటు అందిస్తే, రోగిని బయటికి పంపే రోజు దాదాపు 557 రోజులు వెనక్కి జరిగింది. మందు మార్చలేదు, మనిషికి ఊపిరి తీసుకునే వీలు కల్పించారంతే.

ఇవి సంరక్షణాలయాలు విరివిగా ఉన్న దేశపు లెక్కలు. ఏలూరు జిల్లా పెదవేగికి యథాతథంగా వర్తించవు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా. పట్టణాల్లో 5.3 శాతమైతే పల్లెల్లో 8.4. ప్రత్యేక సంరక్షణ కేంద్రాలేమో బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్నాయి. మామూలు వృద్ధాశ్రమాల్లో చాలావాటికి తమ పని తాము చేసుకోగలిగినవారే కావాలి.

అందుకే మన పల్లెల్లో ఇల్లు మారడమంటే చాలాసార్లు వంతులే: ఈ నెల పెద్దబ్బాయి దగ్గర, వచ్చే నెల చిన్నబ్బాయి దగ్గర. కొడుకుల మధ్య న్యాయంగానే కనిపిస్తుంది. కానీ గుమ్మం ఎటుందో, దొడ్డి ఎటుందో అలవాటు మీదే పోల్చుకునే మనిషికి ప్రతి మార్పూ కొత్త ఊరే. పైగా పగలంతా పామాయిల్ తోటలోనో చేపల చెరువు మీదో పని చేసొచ్చిన కోడలే రాత్రి కూడా మేలుకోవాలి. కొల్లేరు వైపైతే తలుపు తీసుకుని నాలుగడుగులు వేస్తే చెరువు గట్టు.

ఇక్కడే ప్రభుత్వ సాయానికీ అవసరానికీ పొంతన కుదరదు. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. పక్షవాతం లాంటివాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. డిమెన్షియాలో ఇంటిల్లిపాదినీ హడలెత్తించేది మంచాన పడ్డాక కాదు, ఇంకా నడవగలుగుతున్నప్పుడే అని నా అభిప్రాయం. ఆ దశకు పింఛనులో ప్రత్యేక స్థానం లేదు.

గోవాలో 81 కుటుంబాలతో చేసి 2008లో ప్రచురించిన ప్రయోగం మనకు దగ్గరి ఆధారం. కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానికులు ఆరు నెలలపాటు ఇళ్లకు వెళ్లి సలహాలిచ్చారు. రోగుల ప్రవర్తనలో చెప్పుకోదగ్గ మార్పు రుజువు కాలేదు. చూసుకునేవారి మానసిక స్థితి మాత్రం మెరుగుపడింది. చిన్న ప్రయోగం, ఆరు నెలల గడువు. ఇంట్లోంచి పంపేయడం తగ్గుతుందని దీన్నిబట్టి చెప్పలేం. అయినా ఏలూరు జిల్లాలో ప్రయత్నించి చూడటానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. నెల మొదట్లో పింఛను పట్టుకుని గ్రామ సచివాలయ సిబ్బంది ఎలాగూ గుమ్మం దాకా వస్తున్నారు. పెద్దాయన వేలిముద్ర తీసుకున్నాక, ఆయన్ను చూసుకునే మనిషిని కూడా ఒక మాట అడిగి రాసుకోవచ్చు: ఈ వారంలో ఎన్ని రాత్రులు నిద్రపోయావమ్మా అని.