దీపపు వెలుగులో ఛాయాచిత్రము

ఎండలో తీసిన ఫోటో ఎంత నున్నగా వచ్చునో మనకందరకు తెలియును. అదే కెమెరాతో రాత్రివేళ హాలులో దీపము క్రింద తీసిన ఫోటోను పెద్దది చేసి చూడుడు. గోడ మీద ఇసుక చల్లినట్లు చుక్కలు కనిపించును. ముఖము మీద లేని మచ్చలు తేలును. చాలామంది దీనిని కెమెరా లోపమనుకొని, ఇంతకంటె ఖరీదైనది కొనవలెనని నిశ్చయించుకొందురు. ఈ విషయములో మనలను మోసగించునది మన కన్నే. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్‌లు ఉండును. రాత్రి దీపము వెలిగించిన గదిలో నూరు, నూటయాభై లక్స్‌లకు మించి ఉండుట అరుదు. అనగా వెలుగు ఇంచుమించు వేయి రెట్లు తగ్గినది. కంటిపాప విప్పారి, రెటీనా సర్దుకొనుటచేత ఆ భేదము మనకు తోచదు; కెమెరాకు తోచును. ఈ లోటును పూడ్చుటకు ఛాయాచిత్రకారులు మొదటినుండియు పెనుగులాడుచునే ఉన్నారు.

తొలినాళ్లలో పట్టపగటి ఎండ కూడ చాలెడిది కాదు. ఫ్రాన్సు దేశములో నియెప్స్ 1826-27 ప్రాంతమున తన ఇంటి కిటికీనుండి తీసిన చిత్రమునకు కనీసము ఎనిమిది గంటలు పట్టినదని చెప్పుదురు. 1838లో డగేర్ పారిస్ నగరములోని ఒక పెద్ద వీధిని చిత్రించినాడు. బండ్లతో, జనముతో కిటకిటలాడెడి ఆ వీధి చిత్రములో నిర్మానుష్యముగా ఉన్నది. ఫలకము కొన్ని నిమిషములపాటు వెలుగును గ్రహించుచుండగా, కదలినవారెవ్వరును దాని మీద నిలువలేదు. బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన ఒక్క మనిషి మాత్రము ఆకారముగా మిగిలినాడు. ఛాయాచిత్రములో కనిపించిన మొదటి మనుష్యులలో అతడొకడు. పేరు ఎవరికిని తెలియదు.

వియన్నాలో గణితాచార్యుడైన పెట్స్‌వల్ ఈ చిక్కును లెక్కల ద్వారా విప్పదలచినాడు. కటకము యొక్క నాభ్యంతరమును దాని రంధ్రపు వ్యాసముచే భాగించగా వచ్చు అంకెను ఎఫ్-అంకె అందురు. ఈ అంకె సగమైనచో ఫలకము మీద పడు వెలుగు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. ఏలయన రంధ్రపు వైశాల్యము వ్యాసపు వర్గమును బట్టి యుండును. డగేర్ కాలపు కటకముల అంకె 15, 16 ప్రాంతమున ఉండెడిది. 1840లో పెట్స్‌వల్ రూపొందించిన కటకమునకు అది 3.6. అంటే ఒక్కసారిగా సుమారు ఇరువది రెట్లు వెలుగు! ఆ లెక్కలు చేయుటలో ఫిరంగి దళపు సైనికులు ఆయనకు తోడ్పడినారు. గుండ్ల మార్గములను గుణించుటకు అలవాటుపడినవారు కాంతికిరణముల మార్గములను గుణించినారన్నమాట.

ఐనను చీకటి చీకటిగానే ఉన్నది. అందుచేత కొందరు వెలుగును వెంట తీసికొనిపోవుటకు సిద్ధపడినారు. 1861లో నాదార్ పారిస్ క్రింద గల భూగర్భ శ్మశానములలో బున్సెన్ ఘటముల విద్యుత్తుతో ఆర్కు దీపము వెలిగించి ఫోటోలు తీసినాడు. ఒక్కొక్కటి పదునెనిమిది నిమిషముల వరకు పట్టెడిది. అంతసేపు కదలక నిలువగల పనివాడు దొరకునా? వారికి బదులు గుడ్డలు తొడిగిన బొమ్మలను నిలబెట్టినాడు. తరువాత మెగ్నీషియము వచ్చినది. మన ఉన్నత పాఠశాలల ప్రయోగశాలలో పట్టకారుతో పట్టి మండించు రిబ్బను లోహమే అది. దాని కాంతిలో 1865లో స్కాట్లండు రాజఖగోళజ్ఞుడు పియాజ్జీ స్మిత్ ఈజిప్టులోని మహా పిరమిడ్ లోపలి భాగములను ఫోటో తీసినాడు.

1887లో జర్మనీలో మీథె, గేడికె అనువారు మెగ్నీషియము పొడికి పొటాషియం క్లోరేటు, ఆంటిమొని సల్ఫైడు కలిపి, క్షణములో భగ్గుమను ఫ్లాషు పొడిని తయారుచేసినారు. ఈ మిశ్రమము బాణసంచాకు దగ్గరి చుట్టము. దానిని నూరునప్పుడును, వెలిగించునప్పుడును పేలి అనేకులు గాయపడినారు. న్యూయార్కులో పత్రికా విలేఖరిగా పనిచేసిన జేకబ్ రీస్ ఈ పొడితో బీదల ఇరుకు గదులలోనికి రాత్రివేళ పోయి ఫోటోలు తీసినాడు. రెండుమార్లు ఇంటికి, ఒకమారు తనకే నిప్పంటించుకొన్నట్లు ఆయనే వ్రాసినాడు. 1890లో వెలువడిన ఆయన పుస్తకము ఆ గదుల దుస్థితిని పైతరగతివారి కండ్లముందు ఉంచినది. ఆ మేలును కాదనలేము. కాని ఆ చిత్రములలో కొన్నింటిని చూడుడు: నిద్రనుండి ఉలికిపడి లేచినవారి బెదురు కనిపించును. ఫ్లాషు వెలుగు గదిలో ఉన్న వెలుగును చూపదు. దానిని తరిమివేసి తన వెలుగును నింపును.

ఇందుకు విరుద్ధమైన మార్గమును బెర్లిన్ న్యాయవాది ఎరిక్ సాలమన్ త్రొక్కినాడు. 1871లో ఇంగ్లండు వైద్యుడు మాడక్స్ సూచించిన జెలటిన్ ఫలకములు అప్పటికి చాల మెరుగుపడినవి. 1924లో జర్మనీలో ఎర్మనాక్స్ అను చిన్న కెమెరా వెలువడినది. దాని కటకపు అంకె మొదట 2, పిమ్మట 1.8. ఈ కెమెరాతో 1928లో సాలమన్ ఒక హత్యకేసు విచారణను కోర్టు హాలులోనే రహస్యముగా ఫోటో తీసినాడు. పిమ్మట రాజకీయ సమావేశములలో మంత్రులు అలసి సోఫాలలో జారగిలబడి యుండుట, చుట్ట కాల్చుచు వాదించుకొనుట ఉన్న దీపముల వెలుగుతోనే పట్టినాడు. ఫ్లాషు పేలినచో ఆ ముఖములు ఆ క్షణముననే మారిపోయెడివి. సాలమన్ యూదుడు, 1944లో నాజీలు ఆయనను ఆష్విట్జ్ శిబిరములో చంపినారు.

ఇక్కడ మనము కొంచెము వెనుకకు పోవలెను. కటకము, ఫలకము ఎంత మెరుగైనను, వెలుగు తగ్గినకొలది చిత్రము ఎందుకు చెడును? 1905లో ఐన్‌స్టీన్ కాంతి శక్తి ముక్కలుముక్కలుగా, అనగా క్వాంటములుగా వచ్చునని ప్రతిపాదించినాడు. ఈ ముక్కలనే నేడు ఫోటానులు అందుము. 1909లో జి.ఐ. టేలర్ అను యువకుడు తన తల్లిదండ్రుల ఇంటిలో ఒక ప్రయోగము అమర్చినాడు. చిన్న గ్యాసు మంటకు అడ్డముగా మసిపట్టిన గాజు పలకలను పెట్టి, వెలుగును ఒక మైలుకు పైగా దూరముననున్న కొవ్వొత్తి వెలుగంతకు తగ్గించి, ఒక సూది నీడను ఫోటో తీసినాడు. ఆ ఎక్స్‌పోజరు సుమారు 2,000 గంటలు! నీడ అంచున ఏర్పడు చారలు బలమైన వెలుగులో వలెనే స్పష్టముగా వచ్చినవి. ఇంటిలో మసక వెలుగున తీసిన ఫోటోలలో ఇంతకు మించిన ఓర్పు చూపినది నేనెరుగను.

ఐతే వెండి లవణపు ఫలకమునకు జ్ఞాపకశక్తి తక్కువ. ఒక్కొక్క లవణపు రేణువు డెవలపు కావలెనన్న, దానిపై స్వల్పకాలములో కనీసము నాలుగైదు ఫోటానులు పని చేయవలెను. మొదటిది వచ్చిన తరువాత రెండవది ఆలస్యమైనచో, ఏర్పడిన ఒక్క వెండి పరమాణువు మరల విడిపోవును. కావుననే సగము వెలుగునకు రెట్టింపు కాలమిచ్చినను లెక్క సరిపోదు. నక్షత్రముల ఫోటోలు తీయుచు ష్వార్జ్‌షిల్డ్ 1900 ప్రాంతమునకే ఈ లోపమునకు సూత్రము కట్టినాడు. మొత్తముమీద మంచి ఫలకము కూడ తనపై పడిన నూరు ఫోటానులలో ఒకటి రెండింటికి మించి వినియోగించుకొనలేకపోయెడిది.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బోయిల్, స్మిత్ అనువారు సి.సి.డి. అను సిలికాను సాధనమును ఊహించినారు. సిలికానులో ఇంకిన ఒక్కొక్క దృశ్యకాంతి ఫోటాను ఒక ఎలక్ట్రానును విడిపించును. ఆ ఎలక్ట్రానులను చిన్న చిన్న అరలలో నిలువచేసి, తరువాత వరుసగా కొలువవచ్చును. ముందు వచ్చినది వెనుకదాని కొరకు ఎదురుచూడనక్కరలేదు. ఖగోళశాస్త్రజ్ఞులు వాడు మేలైన సి.సి.డి.లు నూటికి తొంబది ఫోటానుల వరకు లెక్కించగలవు. ఈ కృషికే 2009లో వారికి నోబెల్ బహుమతి లభించినది. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటలు కెమెరాలో పదివేల అరలు మాత్రమే ఉండెను. ఒక్క చిత్రమును క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించుటకు 23 సెకన్లు పట్టెడిది.

కొలుచు విద్యుత్ వలయము కూడ తన వంతు తప్పు చేర్చును. జపానులో తెరానిషి 1980లో రూపొందించిన డయోడు, 1990 దశకములో అమెరికాలో ఎరిక్ ఫాసమ్ బృందము వృద్ధిచేసిన సీమాస్ సాధనము ఈ తప్పును బాగుగా తగ్గించుటకు దారితీసినవి. నేటి మంచి కెమెరాలో అది అరకు రెండు మూడు ఎలక్ట్రానులకు మించదు.

మరి చుక్కలు ఎక్కడినుండి వచ్చుచున్నవి? వెలుగులోనే ఉన్నవి. ఫోటానులు వాన చినుకులవలె యాదృచ్ఛికముగా పడును. సమానమైన రెండు గిన్నెలను ఒక్క నిమిషము వానలో పెట్టినచో రెండింటిలోను చినుకుల సంఖ్య ఒక్కటిగా ఉండదు. సగటున 10,000 ఫోటానులు పడు అరలో హెచ్చుతగ్గులు దాని వర్గమూలమంత, అనగా 100. ఇది నూటికి ఒకటి. సగటున 100 మాత్రమే పడు అరలో హెచ్చుతగ్గులు 10. ఇది నూటికి పది! వెలుగు వేయి రెట్లు తగ్గినప్పుడు గరుకుదనము సుమారు 32 రెట్లు పెరుగును. దీనినే ఫోటోగ్రాఫర్లు నాయిస్ అందురు. ఐ.ఎస్.ఓ. అంకె పెంచినచో ఇది పోదు. మైకు శబ్దము పెంచినంత మాత్రమున పాడువాని గొంతు పెరుగదు గదా!

కనుక ఇంటిలో ఫోటో తీయువాడు చేయదగిన పని ఫోటానులను కూడబెట్టుటయే. సాలమన్ కాలమున అబ్బురమైన 1.8 కటకము నేడు చౌకగా దొరకువానిలో ఒకటి. కెమెరాతో సాధారణముగా వచ్చు జూము కటకపు 5.6 అంకెతో పోల్చినచో అది పది రెట్ల వెలుగునిచ్చును. పూలకుండీ, పుస్తకము వంటి కదలని వస్తువైనచో కెమెరాను స్టాండుమీద పెట్టి సెకనులకొలది తీయవచ్చును. చేతితో తీయవలసివచ్చినచో మరొక ఉపాయమున్నది: వెంటవెంటనే పదహారు చిత్రములు తీసి, వానిని సరిగా పొదిగి సగటు కట్టినచో గరుకుదనము నాలుగవ వంతుకు దిగును. ఖగోళశాస్త్రజ్ఞులకిది పాత విద్య. 2018లో గూగుల్ సంస్థ తన ఫోనులలో ప్రవేశపెట్టిన రాత్రి ఫోటో పద్ధతి ఇట్టిదే. నేడు చాల ఫోనులలో ఇటువంటిది ఉన్నది. పరుగెత్తు పసివాని విషయములో మాత్రము ఈ ఉపాయము తడబడును. చిత్రమునకు చిత్రమునకు వాడు చోటు మారును. అతుకుల చోట నీడలు మిగులును.

దీనిని తరగతిలో చూపుట సులభము. ఫోనును లేదా కెమెరాను బల్లమీద కదలకుండ నిలిపి, దీపపు వెలుగున్న తెల్లగోడను చేతి అమరికలతో తీయవలెను. ఐ.ఎస్.ఓ. మార్చక, ఒకటి సెకనులో నూట ఇరువదవ వంతు, రెండవది ముప్పదవ వంతు కాలముతో తీసి, రెండింటిని ఒకే ప్రకాశమునకు తెచ్చి, ఒకే చోటును పెద్దది చేసి ప్రక్కప్రక్కన పెట్టవలెను. రెండవ దానిలో చుక్కలు ఇంచుమించు సగమునకు తగ్గియుండును. తగ్గుదల నాలుగవ వంతు కాక సగమే ఎందుకైనదని విద్యార్థులను అడుగవచ్చును.