నర్సీపట్నం దొరల సమాధులు

అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలో ఇద్దరు బ్రిటిష్ పోలీసు అధికారుల సమాధులున్నాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో అల్లూరి సీతారామరాజు దళం కాల్పుల్లో చనిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్ ఇక్కడే మట్టిలో కలిశారు. కోటవురట్ల వైపు నుంచి మన్యానికి పోవాలంటే నర్సీపట్నమే వాకిలి. ఆనాడు సర్కారు బలగాలు కొండెక్కిందీ ఈ దారినే.

పోరు ఊరికే రాలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడుకు అడ్డుపడింది. ఆపై గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి వాళ్లను తోలి, కూలి సరిగా ఇవ్వక సతాయించాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద రాజు దళం పడి తుపాకులు, తూటాలు పట్టుకుపోయింది.

సరిగ్గా నెల తిరిగేసరికి దామనపల్లి. ఇరుకైన కొండదారి, పైన పొంచి ఉన్న మన్యం వీరులు. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను ఏమీ చేయకుండా దాటిపోనిచ్చి, వెనక వచ్చిన దొరలనే గురిచూసి కొట్టారు. మనవాళ్లను చంపరాదన్నది రాజు కట్టడి. ఇంత నిగ్రహంతో సాగిన మాటుదాడులు మన చరిత్రలో అరుదు. దెబ్బతిన్న ప్రభుత్వం మలబారు పోలీసులనూ, తర్వాత అస్సాం రైఫిల్స్‌నూ రప్పించింది.

మరి ఈ దొరల సమాధులను ఎవరు చూసుకోవాలి? యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధులు చూసుకోవడానికి బ్రిటన్ 1917లో ఒక కమిషన్ పెట్టింది. చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానం దాని సంరక్షణలోదే. మొదటి ప్రపంచయుద్ధం లెక్కకు ఆ కమిషన్ గీసిన గడువు 1921 ఆగస్టు 31తో ముగిసింది. దామనపల్లి మృతులు ఆ తర్వాతివారు, పైగా పోలీసులు. అందుకే నర్సీపట్నం సమాధులు ఆ జాబితాలోకి రావు. వాటి బాగోగులు ఆ కమిషన్ బాధ్యత కాదు.

1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. పోరులో నేలకొరిగిన గిరిజనుల్లో ఎందరికో గుర్తురాయైనా లేదు. దొరల సమాధులను కాపాడటమంటే దొరతనాన్ని పొగడటం కాదు. మన్యం పోరు ఎంత గట్టిగా తగిలిందో చెప్పే సాక్ష్యాలవి. కృష్ణదేవిపేటకు పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయులు నర్సీపట్నంలోనూ కాసేపు ఆగి, ఈ కథ కూడా చెప్పాలి.